మా మణి తాగిన నీళ్ళు

కుక్కకు కూడా కడుపులో గడ్డ లేస్తుందా, దానికోసం మద్రాసుదాకా పోతారా అని మా వీధిలో అడగనివాళ్ళు లేరు. అడిగినవాళ్ళది తప్పని అనను. మా ఆర్.కె.పేట చుట్టుపక్కల పవర్‌లూమ్ చప్పుడు వినపడని వీధి తక్కువ. మగ్గం నాలుగు రోజులు ఆగితే పొయ్యి సంగతి ఆలోచించుకోవలసినవాళ్ళం. మనిషికి జ్వరం వస్తేనే రెండు రోజులు మిరియాల కషాయం తాగి చూసి, అప్పటికీ తగ్గకపోతే తిరుత్తణి బస్సెక్కుతాము. అలాంటి చోట ఒక నాటుకుక్కకు స్కానింగు తీయించామంటే వింతగానే ఉంటుంది.

అయినా దీన్ని గురించి రాయాలనిపించడానికి కారణం ఉంది. ఈ జబ్బు వచ్చిన కుక్క ఆకలి లేక మూలనపడి ఉండదు. బాగా తింటుంది, బాగా తాగుతుంది, పొట్ట పెరుగుతుంది. ఈ మూడూ ఉన్న కుక్కను చూసి మన ఊళ్ళలో ఎవరూ జబ్బు అనుకోరు. ‘మీ ఇంట్లో దానికి రాజభోగం’ అంటారు. వయసు మీద పడింది కాబట్టి రొప్పుతోంది, వయసు కాబట్టి బొచ్చు రాలుతోంది, వయసు కాబట్టి మెట్టు ఎక్కలేకపోతోంది అని ప్రతిదానికీ ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈ జబ్బు ఎక్కువగా పది పన్నెండేళ్ళ కుక్కలకే వస్తుంది కాబట్టి ఆ జవాబు అందరికీ నచ్చుతుంది కూడా.

మణి అనేది అరవదేశంలో సగం కుక్కలకు ఉండే పేరు. మా మణికి ఆ పేరు మేము పెట్టలేదు. నూలు దించడానికి వచ్చిన పిల్లవాడు గోనెసంచిలో పెట్టుకొచ్చి ఇచ్చినప్పుడే దానికా పేరు ఉంది. గోధుమరంగు, నల్ల మూతి, ఒక చెవి నిక్కి ఒక చెవి వాలి ఉండేది. పన్నెండేళ్ళు మా మగ్గాల కొట్టం గడప మీద పడుకుంది. నాలుగు మగ్గాలు టకటకా ఆడుతుంటే నిద్రపోయేది. కరెంటు పోయి మగ్గాలు ఆగితే మాత్రం ఉలిక్కిపడి లేచేది. మాతో అది తెలుగులోనూ వీధిలో తమిళంలోనూ వ్యవహరించేది. ‘రా’ అన్నా వచ్చేది, ‘వాడా’ అన్నా వచ్చేది. మనవరాలు తమిళ బడిలో చదువుతోంది కాబట్టి ఇంట్లో ఈ రెండూ కలిసిపోయి చాలాకాలమైంది.

2022లో ఆడికృత్తిక వెళ్ళిన వారమది. తిరుత్తణి కొండకు కావళ్ళు మోసుకుపోయేవాళ్ళు మా రోడ్డంతా నిండి, పంబలు, డప్పులు అడిగి పోయాక ఊరు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆ రాత్రులలోనే మా ఇంటామె మొదటిసారి అన్నది. “ఏందయ్యా, మణి రాత్రిళ్ళు నిద్రపోవడంలేదు. తొట్టికాడికి పోవడం, తాగడం, బయటికి పోవడం, మళ్ళీ తాగడం. వానాకాలంలో ఇంత దప్పికేంది?” పన్నెండేళ్ళలో ఎన్నడూ కొట్టంలో తడి చేయని కుక్క ఒక తెల్లవారి పడుగు చుట్టిన బీము కింద మడుగు పెట్టింది. నూలుకు తగలలేదు గాని తగిలి ఉంటే ఆ వారం కూలి పోయినట్టే. మా పెద్దవాడు కోపంతో చెప్పు తీశాడు. ఆమె అడ్డం నిలబడింది.

ఆ తర్వాత ఒక్కొక్కటే కనపడింది. నడుము రెండు పక్కలా సమానంగా, కొలిచి గీసినట్టు బొచ్చు పలచబడింది. తల, కాళ్ళు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. గోక్కోవడం లేదు. గజ్జి అయితే గోక్కోవాలి కదా. పొట్ట కిందికి జారింది. పొట్ట మీది చర్మం పాతబడిన పంచెలాగా పలచనై లోపలి నరాలు నీలంగా కనపడేవి. పక్కింటి ముసలామె చూసి, “ఎన్నో నెల?” అని అడిగింది. మణి మగకుక్క. ఆ మాటకు మేమందరం నవ్వుకున్నాము. ఇంటామె నవ్వలేదు.

మా ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ వయసులో చిన్నది. ఆవులు, మేకలు, కోళ్ళతోనే ఆమెకు తీరిక ఉండదు. అయినా మణిని బల్ల మీద పెట్టించి పొట్ట నొక్కి చూసింది, చర్మం మడిచి చూసింది. మూత్రం, రక్తం తీసుకుంది. చక్కెరజబ్బు కాదు, మూత్రపిండాలు చెడలేదు అని రెండు రోజులకు చెప్పింది. దప్పిక అనగానే మొదట చూడవలసినవి ఆ రెండే. “ఒక పని చేయండమ్మా. మూడు రోజులు అది ఎంత తాగుతుందో కొలిచి రాసుకు రండి” అన్నది.

ఈ పని మా ఇంటామెకు చెప్పినట్టు ఇంకెవరికి చెప్పినా ఇంత చక్కగా జరిగి ఉండేదికాదు. ముప్పయ్యేళ్ళుగా నూలు చిలపలు, కండెలు లెక్కపెట్టిన మనిషి. తొట్టికి మూత వేసింది. కొట్టంలో బకెట్టు తీసేసింది. కాలువ వైపు తలుపు మూసింది. లీటరు కొలత చెంబు ఒకటి పెట్టి, నింపినప్పుడల్లా గోడమీద బొగ్గుతో గీత గీసింది. పొద్దుగూకాక గిన్నెలో మిగిలింది పాలు కొలిచే గ్లాసుతో కొలిచి తీసివేసింది. మొదటిరోజు రెండుంబావు లీటర్లు. రెండోరోజు రెండు. మూడోరోజు రెండు లీటర్ల నాలుగు వందల మిల్లీ. మణి బరువు 14 కిలోలు. మామూలుగా కుక్క రోజుకు కిలో బరువుకు యాభై అరవై మిల్లీలీటర్లు తాగుతుంది. వంద దాటితే కారణం వెతకవలసిందే. అంటే మణికి లీటరున్నర దగ్గరే గీత పడాలి. వాడు ఎప్పుడో దాటేశాడు.

ఇక్కడొక మాట చెప్పి ముందుకు పోతాను. ఎక్కువ తాగుతోంది, అందుకే ఎక్కువ పోస్తోంది అనుకుని కొందరు నీళ్ళగిన్నె తీసేస్తారు. ఈ జబ్బులో వరస తిరగబడి ఉంటుంది. నీటిని ఆపుకొమ్మని మూత్రపిండాలకు అందవలసిన ఆజ్ఞ సరిగా పనిచేయదు. కాబట్టి ముందు నీళ్ళు బయటికి పోతాయి, పోయినదాన్ని పూడ్చుకోవడానికి కుక్క తాగుతుంది. గిన్నె తీసేస్తే పోవడం ఆగదు, తాగడమే ఆగుతుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది.

డాక్టరమ్మ కాగితం చూసి, కుషింగ్ జబ్బని అనుమానంగా ఉంది, పెద్ద ఆసుపత్రికి పోవాలి అన్నది. ఎక్కడికి పోవాలన్నదానిమీద ఇంట్లో చిన్న పంచాయితీ నడిచింది. తిరుపతిలో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది. పుత్తూరులో మా బావమరిది ఉన్నాడు. 1960 ఏప్రిల్ 1న మా తాలూకాను మద్రాసు రాష్ట్రంలో కలిపేదాకా మేమూ చిత్తూరు జిల్లావాళ్ళమే. ఇప్పటికీ పెళ్ళికీ చావుకూ అటే పోతాము. “తిరప్తికే పోదాం. ఆడయితే నా కుక్క సంగతి నా మాటల్లో చెప్పుకుంటా” అని ఇంటామె పట్టు. డాక్టరమ్మ మద్రాసు వేపేరిలో చదివింది. 1903 నుంచీ ఉన్న కాలేజీ అది. తెలిసినవాళ్ళకు ఫోను చేసి చెబుతానన్నది. చివరకు మేనల్లుడు లుంగీ కట్టలు వేసుకుని మద్రాసు పోయే చిన్న వ్యానులో, కట్టల నడుమ గోనె పరిచి, మణిని, మమ్మల్ని తెల్లవారి మూడు గంటలకు ఎక్కించాడు. అది సెప్టెంబరు.

వేపేరిలో ఆ పొద్దున వరండా నిండా కుక్కలే. మొదటి గంటలో ఇంటామె నోరు విప్పలేదు. ఆమె తమిళం సంతలో చెల్లే తమిళం. ఆసుపత్రిలో చెల్లదేమోనని ఆమె భయం. డాక్టరు తల ఎత్తకుండా “ఎవ్వళవు తణ్ణి కుడిక్కుదు?” అని అడిగాడు. ఆమె కొంగున కట్టుకున్న కాగితం విప్పి ముందు పెట్టింది. గీతలు, పక్కన అంకెలు, మనవరాలి చేత తేదీలు. ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. “ఇట్లా రాసుకొచ్చేవాళ్ళు నూటికి ఒకరు కూడా ఉండరమ్మా” అని తమిళంలో అన్నాడు. గీతలకు అరవమూ తెలుగూ ఏముంటుంది. ఆ తర్వాత ఆమె సంత తమిళంలోనే గలగలా అంతా చెప్పేసింది. ఆయనకు అంతా అర్థమైంది.

పరీక్ష రోజంతా పడుతుంది. పొద్దున ఒకసారి రక్తం తీస్తారు. డెక్సామెథసోన్ అనే మందు చాలా కొద్దిగా నరానికి ఎక్కిస్తారు. నాలుగు గంటలకు ఒకసారి, ఎనిమిది గంటలకు ఒకసారి మళ్ళీ రక్తం. మధ్యలో మేము చింతచెట్టు నీడన కూర్చుని కట్టుకెళ్ళిన పులిహోర తిన్నాము. మణి కూడా తిన్నాడు, మా అందరికన్నా ఎక్కువ.

ఆ పరీక్షలో ఏముందో, మణి ఒంట్లో ఏం జరుగుతోందో డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు. నాకు అర్థమైనంతవరకు మన మగ్గాల మాటల్లో చెబుతాను. మూత్రపిండాల తలదగ్గర, పక్కకు ఒకటి చొప్పున రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. నేను తెలుగు మీడియంలో చదివిన రోజుల్లో వాటిని అధివృక్క గ్రంథులన్నారు. మనవరాలి పుస్తకంలో గ్రంథి పేరు ‘సురప్పి’. అందరూ అనేది అడ్రినల్ అని. చిక్కుడుగింజ కన్నా పెద్దవేమీ కాదు. అయినా ఒక్కోదానిలో రెండు ఖాతాలు. లోపలి గుజ్జు అడ్రినలిన్ తయారుచేస్తుంది. భయపడినప్పుడు గుండె కొట్టుకునేది దానివల్ల. పైతొక్కు కార్టిసాల్ తయారుచేస్తుంది. ఉపవాసానికి, జ్వరానికి, దెబ్బకు ఒళ్ళు తట్టుకునేది దానివల్ల.

ఈ రెండు గ్రంథులను రెండు మగ్గాలనుకోండి. మెదడు కింద పిట్యూటరీ అని ఒక ఆసామి కూర్చుని ఉంటాడు. సరుకు తగ్గితే నేయమని చీటీ పంపుతాడు, ఎక్కువైతే చీటీ ఆపుతాడు. కుక్కలకు ఈ జబ్బు తనంతట తాను వచ్చినప్పుడు నూటికి 80, 85 కేసుల్లో చెడేది ఆసామి. అక్కడ చిన్న గడ్డ లేచి, అవసరం లేకున్నా చీటీలు పంపుతూనే ఉంటాడు. రెండు మగ్గాలూ రాత్రింబవళ్ళు ఆడి ఉబ్బుతాయి. మిగిలిన 15, 20 కేసుల్లో ఆసామి మంచివాడే, ఒక మగ్గమే చెడుతుంది. చీటీ లేకుండానే నేస్తుంది. కొట్టు నిండిపోతుంది. ఆసామి బెదిరి చీటీలు పూర్తిగా మానేస్తాడు. దాంతో బుద్ధిగా ఉన్న రెండో మగ్గం పనిలేక తుప్పుపడుతుంది. డెక్సామెథసోన్ ఇవ్వడమంటే ‘కొట్టులో సరుకు నిండుగా ఉంది’ అని ఆసామికి కబురు పంపడం. ఆరోగ్యంగా ఉంటే చీటీ ఆగి, రక్తంలో కార్టిసాల్ పడిపోతుంది. చీటీతో పనిలేని మగ్గానికి ఆ కబురు ఎక్కడ వినపడుతుంది? మణి రక్తంలో నాలుగు గంటలకూ పడలేదు, ఎనిమిది గంటలకూ పడలేదు.

స్కానింగులో అది కంటికి కనపడింది. కుడివైపు గ్రంథి 2.6 సెంటీమీటర్ల గడ్డ. ఎడమవైపుది మూడు మిల్లీమీటర్లకు అణిగిపోయి ఉంది. ఇంటామె ఆ తెర మీద గడ్డను చూడలేదు. ఆ అణిగిపోయినదాన్నే చూస్తూ, “పాపం ఇది” అన్నది.

ఆ గడ్డ మంచిదా చెడ్డదా అంటే, అడ్రినల్ పైతొక్కు గడ్డల్లో ఇంచుమించు సగం మామూలువి, సగం క్యాన్సరువి. బయటినుంచి చూసి కచ్చితంగా చెప్పలేరు. రెండు సెంటీమీటర్లు దాటినకొద్దీ అనుమానం పెరుగుతుంది. లోపలి గుజ్జులో లేచే గడ్డ ఇంకొక జాతి, ఫియోక్రోమోసైటోమా అంటారు. అది అడ్రినలిన్‌ను ఒక్కొక్కసారి గుప్పుమని వదులుతుంది. కుక్క ఉన్నట్టుండి రొప్పి, అటూ ఇటూ తిరిగి, కూలబడి, గంటకు ఏమీ జరగనట్టు లేస్తుంది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయేసరికి అంతా బాగానే ఉంటుంది. రక్తపోటు కళ్ళకు కొట్టి చూపు పోవడమూ ఉంది. మణికి ముందరికాలికి పట్టీ చుట్టి రక్తపోటు చూసి, కార్టిసాల్ లెక్క చూసి, ఇది పైతొక్కుదే అన్నారు.

ఈ గ్రంథుల సంగతి మనిషికి తెలియడంలో కుక్కల పాలు తక్కువ కాదు. ఇంగ్లండులో జార్జ్ ఆలివర్ అనే డాక్టరు అడ్రినల్ రసం తీసుకుపోయి ఎడ్వర్డ్ షేఫర్ అనే ప్రొఫెసరును బతిమాలి ఒక కుక్క నరానికి ఎక్కించి చూడమన్నాడట. రక్తపోటు కొలిచే గాజుగొట్టంలో పాదరసం ఆపకుండా పైకెక్కింది. 1894లో వాళ్ళు ఆ సంగతి లోకానికి చెప్పారు. హార్వీ కుషింగ్ అనే అమెరికా సర్జను మనుషుల్లో ఈ జబ్బును గురించి 1932లో వివరంగా రాశాడు. ఆయన పేరే దీనికి నిలిచింది. ఇంకొకటి మన ఊరివాళ్ళకు ఆశ్చర్యంగా ఉంటుంది. చిన్నప్పుడు మలేరియావాళ్ళు వచ్చి గోడలకు డీడీటీ కొట్టి, తలుపుమీద తేదీ రాసి పోయేవాళ్ళు. ఆ డీడీటీకి దగ్గర చుట్టమైన డీడీడీ అనే పురుగుమందును కుక్కలకు తినిపించి చూస్తే వాటి అడ్రినల్ పైతొక్కు కరిగిపోయిందని 1949లో బయటపడింది. అందులోనుంచే మైటోటేన్ అనే మందు పుట్టింది. ఈ జబ్బుకు కుక్కలకు చాలాకాలం వాడినది అదే. విషం ఎక్కడ పనికొస్తుందో చెప్పలేము.

డాక్టరు మమ్మల్ని ఇంకొకటి గుచ్చిగుచ్చి అడిగాడు. దురదకని, కీళ్ళనొప్పులకని మణికి మాత్రలేమైనా నెలల తరబడి ఇచ్చారా అని. లేదన్నాము. ఎందుకడిగాడంటే, ప్రెడ్నిసొలోన్‌లాంటి స్టెరాయిడ్ మాత్రలు ఎక్కువకాలం ఇస్తే గడ్డ లేకుండానే అచ్చంగా ఇవే లక్షణాలు వస్తాయి. ఇది కుక్కలకే కాదు. మా అక్క మోకాళ్ళనొప్పులకు ఒకాయన ఇచ్చిన పొట్లాలు రెండేళ్ళు మింగింది. నొప్పులు మంత్రం వేసినట్టు పోయాయి. ముఖం పున్నమి చంద్రుడిలా గుండ్రమైంది. ‘ఒళ్ళు చేసింది, బాగుంది’ అన్నారందరూ. తర్వాత చూసిన డాక్టరు ఆ పొట్లాల్లో ఉన్నది స్టెరాయిడ్ అన్నాడు. పైగా ఒక్కసారిగా మానకూడదని మెల్లగా తగ్గించాడు. బయటినుంచి సరుకు వచ్చి పడుతుంటే లోపలి మగ్గాలు రెండూ తుప్పుపట్టి ఉంటాయి కదా. ఉన్నట్టుండి ఆపితే ఒళ్ళు కుప్పకూలుతుంది. దురదకు తెచ్చిన మాత్రను, దురద తగ్గిందని, మళ్ళీ మళ్ళీ అంగడిలో కొని కుక్కకు వేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. ఆపాలన్నా డాక్టరును అడిగే ఆపాలి.

ఇక ఆపరేషను సంగతి. కుడివైపు గ్రంథి కింది నుంచి గుండెకు పోయే పెద్ద సిరను ఆనుకుని ఉంటుంది. గడ్డ ఒక్కొక్కసారి ఆ సిరలోకి వేరు దించుతుంది. ముందు సీటీ తీసి అది చూడాలి. కోసేటప్పుడు రక్తం పోవచ్చు. తీసేసిన తర్వాత ఎడమవైపు తుప్పుపట్టిన మగ్గం మళ్ళీ ఆడేదాకా, వారాలో నెలలో, బయటినుంచి స్టెరాయిడ్ పోయాలి. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదం ఉంది. పాతరోజుల లెక్కల్లో ఆపరేషనులోనో, ఆ వెంటనేనో ఐదింట ఒకటి పోయేది. ఇప్పుడు చేయి తిరిగినచోట అంతకన్నా బాగా తగ్గింది. గట్టెక్కితే జబ్బు మొదలంటా పోతుంది, ఏళ్ళు బతుకుతుంది. కాప్సూళ్ళ దారి వేరు. ట్రైలోస్టేన్ అనే మందు కార్టిసాల్ తయారీని అడ్డుకుంటుంది. గడ్డను తీయదు, దాని పెరుగుదలను ఆపదు. బతికినన్నాళ్ళు సుఖంగా ఉంటుంది. ఏడాది, ఏడాదిన్నర అనుకోవచ్చు.

నాకు ఆపరేషనే మంచిదనిపించింది. డబ్బు సంగతి కాదు, అప్పు చేయవచ్చు. ఉన్నదాన్ని మొదలంటా తీసేస్తామంటే వద్దనడానికి మనసు ఒప్పలేదు. ఇంటామె ఒకటే అడిగింది. “కోసినంక అది ఎన్నాళ్ళు ఈడ ఉండాల? మమ్మల్ని పక్కన ఉండనిస్తారా?” కొన్ని రోజులు అక్కడే ఉండాలి, పక్కన ఉండటం కుదరదు అన్నాడు డాక్టరు. ఆమె మణి తల మీద చేయిపెట్టి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “పన్నెండేండ్లు గడప దాటి ఒక రాత్రి ఉండలేదు సార్. పోతే గడపలోనే పోనీండి” అన్నది. ఆ మాట నాకు ఒప్పయిందా అంటే ఇప్పటికీ పూర్తిగా ఒప్పు కాలేదు. చిన్న కుక్కయితే, గడ్డ ఎడమపక్కన ఉంటే, నేను ఆమెతో వాదించి ఉండేవాణ్ణి. అయితే పన్నెండేళ్ళు గిన్నె పెట్టింది ఆమె. మాటా ఆమెదే.

ట్రైలోస్టేన్ మన మందులషాపులో అడిగిన వెంటనే ఇచ్చేది కాదు. మద్రాసునుంచి కొరియరులో వచ్చేది. ఖర్చు నెలకు ఒక మగ్గం కూలిలో మంచి పాలే తినేసింది. దాన్ని తిండితోనే ఇవ్వాలి, ఖాళీ కడుపున ఒంటికి సరిగా పట్టదు. అప్పుడు మా కోడలు నాలుగో నెల. గర్భిణీలు ఆ కాప్సూలు ముట్టకూడదని, విప్పిన పొడి అసలే తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని ఆ డబ్బా దేవుడి గూటి పక్కన, కోడలికి అందని ఎత్తులో కూర్చుంది. పొద్దున సంగటి ముద్దలో కాప్సూలు పెట్టి ఇచ్చి ఆమె చేతులు సబ్బుతో కడుక్కునేది.

రెండో వారానికి గోడమీద గీతలు తగ్గాయి. రోజుకు లీటరున్నర, తర్వాత లీటరు, తర్వాత తొమ్మిది వందలు. రాత్రి నిద్రపోయాడు. పొట్ట తగ్గడానికి మూడు నెలలు, నడుం మీద బొచ్చు రావడానికి ఆరు నెలలు పట్టింది. కొత్త బొచ్చు పాతదానికన్నా నల్లగా వచ్చింది. మా పెద్దవాడు ఒకరోజు వాడికి సంత నుంచి ఎముక తెచ్చాడు. చెప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు.

నడుమ ఒక శుక్రవారం మణి ముద్ద ముట్టలేదు. వాంతి చేసుకుని కాళ్ళు చాపి పడుకున్నాడు. తిండి తగ్గాలని ఎదురుచూసిన మాకే, తినలేదనేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోనులో డాక్టరమ్మ వెంటనే కాప్సూలు ఆపమన్నది. వచ్చి రక్తం తీసి, సెలైను పెట్టింది. మందు ఎక్కువై కార్టిసాల్ మరీ పడిపోతే ఇట్లా అవుతుందట. అది జబ్బుకన్నా ప్రమాదం. రోజుల్లోనే కాదు, గంటల్లో ప్రాణం పోవచ్చు. నాలుగు రోజుల తర్వాత తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాము. ఈ మందు వాడే ఇంట్లో ఈ ఒక్కటి అందరికీ తెలిసి ఉండాలి: తిననిరోజు కాప్సూలు లేదు, డాక్టరుకు ఫోను.

2023 నవంబరులో తీసిన స్కానింగులో గడ్డ నాలుగు సెంటీమీటర్లు దాటింది, సిరలోకి దిగింది. డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుఫానుకు మద్రాసు మునిగినప్పుడు కొరియరు రాలేదు. ఇంటామె ఎప్పుడూ పదిరోజుల మందు చేతిలో ఉంచుకునేది కాబట్టి ఒక్కపూట కూడా తప్పలేదు. 2024 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున మణికి ఊపిరి బరువైంది. డాక్టరమ్మ వచ్చేసరికి మగ్గాల కొట్టం గడప మీదే పోయాడు. పదహారు నెలలు బతికాడు. కొట్టం వెనక వేపచెట్టు కింద పెట్టాము. ఆ పూట మా పెద్దవాడు మగ్గాలు వేయలేదు.

కాప్సూళ్ళు పదకొండు మిగిలాయి. షోళింగర్ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన ముసలి పొమేరియన్‌కు కొత్తగా ఇదే జబ్బు తేలిందట. అదే మోతాదు కాబట్టి కొరియరు వచ్చేలోగా వాడుకొమ్మని డాక్టరమ్మే పంపించింది. గూట్లోంచి డబ్బా తీసి ఇస్తూ ఇంటామె, “దినానికి ఎంత నీళ్ళు తాగుతాది?” అని అడిగింది. చాలా తాగుతుందన్నాడాయన. చాలా అంటే ఎంత అని మళ్ళీ అడిగింది. ఆయనకు తెలియదు. ఆమె వంటింట్లోకి పోయి లీటరు కొలత చెంబు కడిగి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.